కవ – జోడు

రెండేసిగా నుండు వస్తువులను చెప్పుటకు మన భాషలో మాటలకు కొదువ లేదు. జత, జంట, జోడు, కవ మొదలగునవి అట్టివి. ఇవన్నియు నొక్కటే యని మనము తలచుచుందుము. నిజముగా నొక్కటియేనా?

మన రెండు కన్నులను కవులు ‘కనుగవ’ యనిరి. ఆ కన్నుల ముందు నిలుపుకొను అద్దములను మనము ‘కండ్లజోడు’ అనుచున్నాము. రెండును జతలే. అయినను అద్దములను ‘కవ’ యని యెవ్వరును అనరు. దీనికి కారణము ఆ మాటల పుట్టుకలోనే కలదని నా యభిప్రాయము.

తమిళమున ‘కవర్’ అనగా రెండుగా చీలుట. కన్నడమున ‘కవలు’ అనగా చీలిన కొమ్మ. మన ‘కవ’ ఈ కుటుంబములోనిదే. తొలుత నొక్కటిగా నుండి పిదప రెండైనది కవ. ఒక్క గర్భమున ఒక్కసారి పెరిగిన శిశువులను ‘కవలలు’ అనుట యెంత తగియున్నదో చూడుడు! నేడు ‘కవ’ యను మాట ఈ యొక్క పదముననే ఎక్కువగా వినబడుచున్నది.

జోడు అట్టిది కాదు. హిందీలో ‘జోడ్నా’ యనగా కలుపుట. వేరువేరుగా నున్న రెంటిని కలిపినచో జోడగును. సంస్కృతములోని ‘యుగళము’, ‘యుగ్మము’ అను పదములును కలుపుట యను అర్థముగల ‘యుజ్’ ధాతువునుండి పుట్టినవే. ‘యుగము’ అనగా కాడి యనియు నర్థము కలదు. మెడలపై కాడి వేసిన పిమ్మటనే గదా రెండెడ్లు జోడెడ్లగుట!

పుట్టుకతో వచ్చిన కవయే గొప్పదని పలువురందురు. నేనట్లు తలపను. చీలిన కొమ్మలు పెరిగిన కొలది ఒకదానికొకటి దూరమగుచుండును. కాడి మోయు ఎడ్లు దూరమైనచో చాలు సాగదు. కలిసియుండుటకు జోడు నిత్యము పాటుపడవలెను.

దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారలు అన్నదమ్ములు కారు, సహాధ్యాయులు. వారు తిరుపతి వేంకటకవులను పేర అవధానములు చేసి, కావ్యములు, నాటకములు రచించిరి. 1920లో తిరుపతిశాస్త్రిగారు కీర్తిశేషులైరి. వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించిరి. మిత్రుడు పోయిన పిమ్మటను ఆయన జంటపేరును విడువలేదు. కలుపబడిన జోడు కవకంటెను గట్టిదగుట కింతకంటె నిదర్శనమేల?

తరగతిలో మీ ప్రక్కన కూర్చున్నవారు మీ తోబుట్టువులు కారు. కవ మన చేతిలో లేదు. అది పుట్టుకతో వచ్చునది. జోడు మాత్రము మనము కూర్చుకొనవలసినది, కాపాడుకొనవలసినది.