అమ్మమ్మ మిగిల్చిన బొంత

కొన్ని మాసముల క్రిందట తాడేపల్లిగూడెమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె అమ్మమ్మ కొల్లేటి లంకగ్రామమున కాపురముండెడిది. ఆ వృద్ధురాలు తన పాతచీరెలను ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అతికి, బొంతకు పైపొరను సిద్ధపరచినది. లోపొరయు అడుగుపొరయు చేర్చకమునుపే కాలధర్మము నొందినది. పదునొకండేండ్లుగా ఆ పైపొర ట్రంకుపెట్టెలో మడతపెట్టినది పెట్టినట్లే యున్నది. ఇప్పుడు ఈ సోదరికి ఆరవ నెల. పుట్టబోవు బిడ్డను ఆ బొంతమీద పరుండబెట్టవలెనని ఆమె కోరిక. ఏలూరులోనున్న అక్కగారు, “చివికిన ముక్కలన్నియు తీసివేసి క్రొత్తబట్ట వేసి మిషనుమీద కుట్టింతము” అనుచున్నారట. అత్తగారు మాత్రము, “పోయినవారి బట్టమీద పసికందునా?” అని ఒక్కమాట యని ఊరకుండిరట. మీరేమందురని ప్రశ్న.

జాబు చదివిన వెంటనే సమాధానము వ్రాయుటకు మాకు ధైర్యము చాలలేదు. బట్టను తాకి చూడక చెప్పెడి సలహా, నాడి చూడక యిచ్చెడి మందువంటిది. కావున ఏలూరులో దిగి, అక్కగారిని వెంటబెట్టుకొని, మరల రైలెక్కి తాడేపల్లిగూడెము చేరితిమి. దారిపొడవునను అక్కగారు మిషను గొప్పతనమునే చెప్పుచుండిరి. ఏలూరు ఉన్ని తివాచీలకు పేరుపొందిన యూరు. ఆ తివాచీలు దేశాంతరములకు పోయినవి. ఇంటిలో కుట్టిన బొంత మాత్రము అటక దిగి ఎరుగదు. ఈ మాట అక్కగారితో అంటిమి గాని వారు నవ్వలేదు.

పెట్టె తెరచి చాపమీద పరచితిమి. నాలుగు మూరల పొడవు, మూడు మూరల వెడల్పు. వచ్చిన బంధువులలో పెద్దమ్మగారొకరు ముక్క ముక్కకును వ్రేలు పెట్టి చెప్పసాగిరి. ఈ నేరేడుపండు రంగుది పొలమునకు కట్టిన చీరె. ఆ పసుపు అంచుది ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు తాటిదోనెమీద పోవునపుడు కట్టినది. ఈ తెల్లనిది తాతగారి పంచె. మా సోదరి ఆ పేర్లన్నియు కాగితముమీద వ్రాసికొన్నది. అంతవరకు ఆమెకును అవి తెలియవు!

ఇన్నాళ్ళు ఇది నీటిపాలు గాకుండుట సామాన్యము కాదు. కొల్లేరు కృష్ణా గోదావరుల నడుమ పల్లము. తమ్మిలేరు, బుడమేరు మొదలగువాని నీరంతయు అందు చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు పోవలయును. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరును పిమ్మట అటే వచ్చినది. అట్టిచోట కాపురము చేయు ఇల్లాలు విలువగల వస్తువును అటకకే ఎక్కించును. అమ్మమ్మ ఈ పైపొరను విత్తనపు మూటల సరసను అక్కడనే దాచినదట.

ఇక బట్ట స్థితి. ఎండకు ఎత్తి చూడగా రెండు ముక్కలు జల్లెడవలె కనబడినవి. అద్దకపు చీరె ముక్కలో ఎఱ్ఱపువ్వులు చెక్కుచెదరలేదు గాని, నల్లగీతలున్నచోట బట్ట రాలిపోయినది. దీనికి కారణము గలదు. పూర్వపు అద్దకమున నలుపును ఇనుపముక్కలు బెల్లపునీటిలో ఊరవేసి తీసెడివారు. ఆ యినుము కాలక్రమమున నూలును తినివేయును. ఎఱుపు చిరివేరుది, అది నూలుకు హాని చేయదు. ఇంటిలో పాత అద్దకములున్నవారు ముందుగా నల్లగీతలను పరీక్షింపవలయును.

అక్కగారు కత్తెర తీసిరి. అప్పుడు మేము మా సొంత తప్పు చెప్పవలసివచ్చినది. మా పదునారవ యేట మా నాయనమ్మ కుట్టిన బొంతయొకటి మాకు వచ్చినది. చూపు మందగించిన పిమ్మట కుట్టుటచే కుట్లు వంకరగా పోయినవి. మేము బడిలో కుట్టుపని నేర్చిన గర్వముతో ఆ కుట్లన్నియు విప్పి, గీత గీసినట్లు తిన్నగా కుట్టితిమి. చూచినవారందరును మెచ్చుకొనిరి. ఆ బొంత ఇప్పటికిని మాయింట నున్నది. అందులో నాయనమ్మ చేయి ఎచ్చట నున్నదో మాకు తెలియదు. ఈ మాట విని అక్కగారు కత్తెర క్రింద పెట్టిరి. అయినను, “మరి ఈ చిల్లులమాట యేమి?” అనిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

చివికిన ముక్కను కోయనక్కరలేదు. దానిమీద పలుచని మల్లుగుడ్డ పరచి, చుట్టును బలమైన ముక్కల అంచులలో కుట్టినచో, పాతది లోపల కనబడుచుండును, రాలకుండును. అమ్మమ్మ ఒక ముక్కను తలక్రిందుగా అతికినది. దానిని అట్లే యుంచితిమి. మిషను వలదనుటకు కారణము పంతము కాదు. మిషను సూది దగ్గర దగ్గరగా పొడిచిన రంధ్రముల వరుసవెంట పాతబట్ట చినుగును. దారమును అంతే. నైలాను, పాలియెస్టరు దారములు బట్టకంటె గట్టివి. లాగుడు పడినప్పుడు దారము నిలిచి బట్ట తెగును. నూలుదారమైనచో ముందు తానే తెగును, మరల కుట్టుకొనవచ్చును.

ఉతుకుటకు ముందు ప్రతి రంగుమీదను తడి తెల్లగుడ్డ నొక్కి, రంగు అంటునేమో చూచితిమి. అంటలేదు. వెడల్పు తొట్టిలో పాత దోమతెర పరచి, దానిపై పైపొరనుంచి, వడగట్టిన పలుచని కుంకుడురసమున నానబెట్టి, తెరతోనే పైకెత్తితిమి. మూలలు పట్టి ఎత్తినచో నీటి బరువునకే చినుగును. పిండక, నీడను పరచి ఆరబెట్టవలయును.

అడుగుపొరకు అక్కగారు తామే చేనేతబట్ట తెచ్చిరి. గంజి పోవునట్లు దానిని రెండుసార్లు నానబెట్టి ఆరవేయించితిమి. లేనిచో మొదటి చాకిరేవుననే అది క్రుంగి పైపొరను ముడుతలు పడవేయును. అడుగుపొర నలువైపులను నాలుగేసి వ్రేళ్ళు ఎక్కువ యుండవలయును. మూడు పొరలును పరచి, నడిమినుండి అంచులవైపు పెద్ద పెద్ద టాకాలు వేసి, పిమ్మట రెండు వ్రేళ్ళ ఎడముతో వడ్లగింజంత కుట్లు కుట్టవలెను. సోదరి కుట్టుటకు నీలిదారము తీసికొమ్మంటిమి. అమ్మమ్మది తెల్లదారము. ఎవరి పని ఎచ్చట ముగిసినదో రేపటివారికి తెలియవలదా?

పురావస్తుశాలలవారు పాత పైపొరను పూర్తిచేయక అట్లే భద్రపరచవలెనందురు. అమెరికాలో అలబామా సీమలోని గీస్ బెండ్ అను పల్లె స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హూస్టన్ నగరపు చిత్రశాలలో గోడలకు వ్రేలాడదీసిరి. అది మంచిదే. మన యమ్మమ్మ మాత్రము గోడకొఱకు కుట్టలేదు. పైగా ఒకరి పని ఇంకొకరు ముగించుట ఈ ప్రాంతపు స్త్రీలకు క్రొత్తకాదు. నరసాపురపు లేసుపనిలో పువ్వులల్లువారు వేరు, వానిని కలిపి అతుకువారు వేరు.

అత్తగారి మాటను కడకు ఉంచితిమి, ఏలయన అదియే కష్టమైనది. పోయినవారు కట్టి విడిచిన బట్టలను ఇంటనుంచుకొనరాదను పట్టింపు పెక్కు కుటుంబములలో గలదు. దానిని మేము పరిహసింపము. అయితే ఇవి ఆమె పోవునాడు విడిచిన బట్టలు కావు. బ్రతికియుండగా, తన కత్తెరతో, మునిమనుమలకని కోసిన బట్టలు. పొత్తిళ్ళకు పాతచీరెయే మెత్తనిదని ఆ అత్తగారికి మేము చెప్పవలెనా? ఇంతమాత్రమే వారితో అంటిమి. వారు బదులు చెప్పలేదు. మాకు కాఫీ యిచ్చి లోనికి పోయిరి.

పసిబిడ్డకు ఇట్టి బొంత క్రింద పలుచగా పరచుటకే గాని, పైన కప్పుటకును ముఖముచెంత ప్రోగుచేయుటకును కాదని కూడ సోదరితో చెప్పి వచ్చితిమి.

ఈ నెల మరల జాబు వచ్చినది. లోపొరకు అత్తగారు తమ నూలుచీరె నొకదానిని తామే ఇచ్చిరట. నాలుగు మూలలను పసుపు అద్దిన పిమ్మటగాని సూది పెట్టరాదనిరట. అక్కగారు ఆదివారములందు ఏలూరునుండి వచ్చి ఒక వైపు కుట్టుచున్నారట. ఆ వైపు కుట్లే అన్నిటికంటె వంకరగా నున్నవని చెల్లెలు వ్రాసినది. ఇంకను జానెడు అంచు మిగిలియున్నదట. నీలిదారము అయిపోయినది, అదే రంగు కండెలు రెండు పంపుడని కోరినది. నేడే టపాలో వేసితిమి.