కోత మిషను ఎవరి పక్షం?

మొన్న అమలాపురం దగ్గర ఒక పెళ్లి భోజనాల్లో, హైదరాబాదులో స్థిరపడిన ఆసామి ఒకాయన నలుగురికీ వినబడేలా అన్నాడు: "ఉపాధి హామీ పెట్టి కూలోళ్లకి కొవ్వెక్కించారండీ. కోత మిషనే రాకపోతే ఈపాటికి కోనసీమలో వరి చేనే ఉండేది కాదు." పక్కవాళ్లు తలలూపారు. టీ కొట్లో ఇదే మాట, పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఇదే మాట. ఇది పచ్చి అబద్ధం. డెల్టా అన్నం తిని, దాన్ని పండించినవాళ్లనే తిట్టడం.

2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంటికి రాసిచ్చింది ఏడాదికి వంద రోజులు. ఆ పనులు ఎక్కువగా జరిగేది వేసవిలో, చేలు బీటలు తీసి ఉన్నప్పుడు. ఆ వాదన గురించి ఇంతకంటే మాట్లాడనక్కర్లేదు.

2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూలీల కొరతను పెద్ద కారణంగా చూపించారు. వ్యవసాయ పనులున్నన్నాళ్లూ ఉపాధి హామీ ఆపాలన్నారు. కారణాలు తేల్చమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ తర్వాత మిషన్లు ఊరూరా దిగాయి. మరి 2022లో అదే కోనసీమలో మళ్లీ పంట విరామం ఎందుకొచ్చింది? మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయని, అమ్మిన దాళ్వా ధాన్యానికి డబ్బు చేతికి రాలేదని. మిషను డ్రెయిన్లో పూడిక తీసిందా? బకాయిలు ఇప్పించిందా?

అసలు అది రైతుకి ఏం చేసిందో చూడండి. వెనక కోసిన పనలు చేలోనే ఎండేవి. కట్టలు కట్టి మెరక మీద కుప్ప వేసేవారు. తీరిక చూసుకుని, ధర చూసుకుని నూర్చుకునేవారు. గింజ కుప్పలో ఉన్నంతకాలం రైతుకి బేరమాడే ధైర్యం ఉండేది. ఇప్పుడు మిషను పచ్చి చేలోకి దిగి, పూట తిరక్కుండా తడి గింజల్ని ట్రాక్టరులో పోసి వెళ్లిపోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆరబోద్దామంటే కళ్లాలేవి? ఇళ్ల స్థలాలైపోయాయి. అందుకే ధాన్యం రోడ్డెక్కుతుంది. ఒక పక్క లారీలు, ఒక పక్క మబ్బులు, బరకాలు పట్టుకుని రాత్రంతా కాపలా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు రోడ్ల మీది రాశులు ఎలా తడిసి మొలకలెత్తాయో ఈ జిల్లాలన్నీ చూశాయి. చేను పడిపోతే చక్రాలకి బదులు చైను ఉన్న మిషనే దిగాలి, దానికి గంటల లెక్కన బాడుగ. తడి గింజ చేతిలో పెట్టుకున్నవాడు మిల్లరు చెప్పిన తరుగుకి ఒప్పుకోక ఏం చేస్తాడు? కూలి ఖర్చు మిగిల్చిందంటున్న మిషను ఆరబోతకీ, తిరగెయ్యడానికీ, సంచులకెత్తడానికీ మళ్లీ మనుషుల్నే అడుగుతోంది. ఆ చాకిరీ కౌలు రైతు పెళ్లాం పిల్లల మీద పడింది. దానికి కూలి లెక్క ఎవరూ కట్టరు. ఆసామికి మాత్రం మాట ప్రకారం బస్తాలు రావాల్సిందే. తుపానొచ్చినా, మిల్లరు కోసినా ఆయన కౌలు చెక్కుచెదరదు.

ఇక ఆడకూలీలు. కోత, కట్ట, మోత, నూర్పిడి కలిపి వారాల తరబడి పని ఉండేది. కోత అయ్యాక పరిగె ఏరుకునేవారు. సెంటు భూమి లేని ఇంట్లో కూడా ఒక గేదె ఉండేది, దానికి గడ్డి దొరికేది. మిషను గడ్డిని చేలో చిందరవందర చేసి పోతే ఇప్పుడు చాలాచోట్ల తగలబెడుతున్నారు. గేదె పోయింది, పాలు పోయాయి, పిల్లలు ప్యాకెట్ పాలు తాగుతున్నారు. ఇవి ఏ ఖర్చుల పట్టికలోనూ కనిపించవు. భీమవరం చుట్టుపక్కల చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాక ఉన్న ఆ కాస్త పనీ పోయింది. పని తీసేసి, నాట్లకి మాత్రం నాలుగు రోజులు రమ్మంటే ఊళ్లో ఎవరు కూర్చుంటారు? కొందరు రొయ్యల ప్లాంట్లకి వెళ్లారు, కొందరు కువైట్ వంటిళ్లకి. వాళ్లని పంపేసింది మనం. పంపేసి, బెంగాల్ నుంచి నాట్లకి ముఠాల్ని దింపుకుని, మనవాళ్లు సోమరులన్నాం.

ఇప్పుడు డ్రోన్ల వంతు. మహిళా సంఘాలకి 15 వేల డ్రోన్లిస్తామని కేంద్రం 2023లో ప్రకటించింది. ఒక మహిళ డ్రోన్ ఎగరేస్తే మందు కొట్టే పని పోయిన ముఠా ఎక్కడికి పోవాలో ఆ ప్రకటనలో లేదు.

మిషన్లు వద్దని నేననను. వంగి కోసిన నడుములకి ఆ బాధ మళ్లీ రాకూడదు. కానీ మిషను ఊరి కూలి సంఘాల చేతిలో ఉండాలి, బాడుగ వాళ్లకి రావాలి. ఊరికో కళ్లం, ఒక డ్రయ్యరు కావాలి. వీటికంటే ముందు కావాల్సింది ఇంకొకటుంది. 2019 నాటి చట్టంలో కౌలు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలని పెట్టారు. సంతకం పెడితే భూమి పోతుందని ఆసాములు పెట్టరు. కార్డు లేనివాడికి బ్యాంకులో పంట రుణం పుట్టదు, చేను మునిగితే పరిహారం ఆసామి ఖాతాలో పడుతుంది. ఆ సంతకం నిబంధన ఎత్తేయండి.