వంటింటి వార్తకు దక్కని గుర్తింపు

ఏది వార్తో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు అమెరికా పత్రికల మహిళా పుటల చరిత్ర ఒక సమాధానం. వంట, వస్త్రధారణ, కుటుంబం, గృహాలంకరణలకే కేటాయించిన ఆ పుటల్లో సంపాదకురాళ్లు అసలైన వార్తలకు చోటు కల్పించారు.

1942లో న్యూయార్క్ టైమ్స్ ఆహార విభాగ సంపాదకురాలైన జేన్ నికర్సన్, యుద్ధకాలపు రేషన్‌ను, సరుకుల కొరతను పాఠకులకు వివరించారు. అయినా 1957లో ఆమె స్థానంలోకి వచ్చిన క్రెయిగ్ క్లైబోర్న్‌కే ఆద్యుడన్న కీర్తి దక్కింది. మయామీ హెరాల్డ్‌లో డొరతీ జర్నీ, మేరీ ఆండర్సన్ మహిళా పుటను సామాజిక సమస్యలకు వేదికగా మలిచారు.

వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్ 1971 వరకు మహిళలకు సభ్యత్వమే ఇవ్వలేదు. 1955 నుంచి విందు ప్రసంగాలను బాల్కనీలో నిలబడి వినేందుకు మాత్రం అనుమతించింది. భోజనం కింద కూర్చున్న పురుషులకే.

1969లో వాషింగ్టన్ పోస్ట్ మహిళా పుటను తొలగించి ‘స్టైల్’ విభాగాన్ని ప్రారంభించింది. ఇతర పత్రికలూ అదే బాట పట్టాయి. సమానత్వం పేరిట జరిగిన ఈ మార్పుతో, స్త్రీలకు సంపాదకత్వం దక్కిన విభాగమే అనేక పత్రికల్లో వారి చేజారింది.

తెలుగులోనూ ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ నిర్వహించిన ‘ప్రమదావనం’ దశాబ్దాలపాటు వంటలతో ఆగక, పాఠకుల జీవన సమస్యలకు బదులిచ్చింది. ఇటువంటి శీర్షికలను కాలక్షేపమని పక్కన పెడితే, సామాన్య కుటుంబం ఏం తిన్నదో, దేనికి కలవరపడిందో తెలిపే సాక్ష్యమే చరిత్రకు కరవవుతుంది.