చేతికిఁ దెలియవలసిన విద్య

ఇంటిలోఁ గంప్యూటరు ముందు కూర్చుండి విమానము నడపుట యభ్యసించు వేడుక నేఁడు మన బాలురకును నందుబాటులోనికి వచ్చినది. గద్వాలలోనైనను, వనపర్తిలోనైనను, నాగర్‌కర్నూలులోనైనను నొక బాలుఁడు తెరపై బేగంపేట విమానాశ్రయమును జూచుచు, బల్లపై నున్న కఱ్ఱను త్రిప్పుచుఁ బ్రొద్దు పుచ్చఁగలఁడు. ఇది వట్టి యాటయని తల్లిదండ్రులు కొందఱు విసుగుకొందురు. ఆ కఱ్ఱ యంగడిలోఁ గొన్నదైనచో వారి మాటలో సగము నిజము కలదు. దానినే బాలుఁడు తన చేతులతో నిర్మించి, గాలి బలము చేతికిఁ దెలియునట్లు చేసినచో నది యాట కాదు, విద్యయే యని మా యభిప్రాయము.

విమానము నడపువాఁడు కంటితో మాత్రమే నడపఁడు. చిన్న విమానములలోఁ గఱ్ఱకును, తోఁక మీఁది పలకలకును నడుమ తీగలో కడ్డీలో కట్టఁబడి యుండును. పలకలపైఁ బడు గాలి యొత్తిడి వాని గుండ చేతికి వచ్చును. వేగము రెండింతలైనచో నా యొత్తిడి యించుమించు నాలుగింతలగును. వేగము తగ్గి, రెక్కలకు గాలి పట్టు తప్పు నవస్థ సమీపించినపుడు కఱ్ఱ మెత్తఁబడును. అట్టి యపాయమును కన్నుతోపాటు చేయియు నెఱుఁగును. పెద్ద విమానములు పెక్కింటిలో నూనె యొత్తిడిచేఁ బలకలు కదలును గనుక గాలి బలము చేతికి రాదు. అందుచేత నిర్మాతలు స్ప్రింగులు మున్నగు వానితో నా బలమును గృత్రిమముగాఁ గల్పించిరి. చేతికి బరువు తెలియుట యెంత యవసరమో దీనివలన గ్రహింపవచ్చును.

గద్వాలవారికి దీనిని విశేషించి చెప్పనక్కఱలేదు. నూలు చీరకుఁ బట్టంచును గలిపి నేయు నేతగాఁడు పడుగు బిగువును చేతితోనే తెలిసికొనును. పుస్తకము చదివి యెవ్వరును మగ్గము నేర్చుకొనలేదు.

ఆటవస్తువని యెంచఁబడినది విద్యాసాధనమగుట క్రొత్త గాదు. అమెరికాలోని బింగ్‌హామ్టనులో ఎడ్విన్ లింకు అను నాతని తండ్రికి పియానోలును, ఆర్గనులును చేయు కార్ఖానా యుండెను. కుమారుఁడు ఆర్గనులలోని తిత్తులను, గాలి పంపులను నుపయోగించి 1929 నాఁటికి విమాన శిక్షణయంత్రము నొకదానిని నిర్మించెను. మొదట నది వినోదశాలలకే యమ్ముడుపోయెను. 1934 లోఁ దపాలా మోయుచుఁ బలువురు సైనిక విమానచోదకులు మరణించిన పిదప, అమెరికా సైన్యము అట్టి యంత్రముల నాఱింటిని గొనెను. హార్మోనియపు తిత్తి నెఱిఁగిన మన బాలురు దీనినుండి ధైర్యము తెచ్చుకొనవచ్చును.

నిర్మాణక్రమము కష్టమైనది కాదు గాని యోర్పు కావలయును. మొదటఁ గఱ్ఱ నిరుసుపై నిలిపి యిరువైపుల స్ప్రింగులు కట్టవలయును. త్రిప్పి విడిచినచో నది నడుమకు వచ్చును. అయితే స్ప్రింగు బలము వేగమునుబట్టి మాఱదు. అందులకు మోటారు కావలయును. మోటారులోఁ బాఱు విద్యుత్తు ననుసరించి దాని మెలిబలము హెచ్చును. కంప్యూటరు తెరమీఁది విమానపు వేగమును లెక్కించి తగినంత విద్యుత్తును బంపించును. పండ్లచక్రములకంటె బెల్టు మేలు. పండ్ల నడుమ నున్న సందు చేతికిఁ దగిలి భ్రాంతిని జెఱచును. బలమైన మోటారు వ్రేళ్లను నలుపఁగలదు. కావున విద్యుత్తునకు హద్దును, చేతికందుచోట నాపు మీటయు, ప్రక్కన నొక పెద్దయు నుండవలయును.

ఇది ధనవంతుల వేడుక గదా యని కొంద ఱడుగవచ్చును. కొనుటకు వ్యయ మెక్కువ కావచ్చును; పాత మోటారుతో, కొయ్యముక్కలతో నారంభించుట కంత యక్కఱలేదు. వనపర్తి రాజభవనమే పాలిటెక్నిక్కు విద్యాలయమైనది. మన యూళ్లలోఁ బనిముట్లు పట్టుట చిన్నతనమని తలఁచు కాలము గతించినది.

తల్లిదండ్రులకు మా విన్నప మొక్కటియే. బాలుఁడు కఱ్ఱను గొనిపెట్టుమని యడిగినపుడు కాదని త్రోసివేయక, "మొదట స్ప్రింగులతో నొకటి చేసి చూపుము" అని చెప్పుఁడు. ఉపాధ్యాయులు వారమున కొక గంట పనిశాలను దెఱచి యుంచిన నది చాలును. ఎదురు నెట్టని కఱ్ఱను పట్టి నేర్చినవాఁడు తనకన్నియు వచ్చునని భ్రమపడును. ఎదురు నెట్టు కఱ్ఱను తానే చేసినవాఁడు తనకు రానిదేదో తెలిసికొనును. మన బాలురలో రెండవవారిని జూడఁగోరుచున్నాము.