పాతయంత్రమునకు మరణశాసనమా?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టు కంపెనీవారు ఉచితరక్షణను నిలిపివేసిరి. నాటినుండి మన పెనుగొండవంటి పట్టణములలో ఒక్కటే మాట వినవచ్చుచున్నది: "మీ కంప్యూటరు పాతబడినది, క్రొత్తది కొనుడు." పాతబడినది యంత్రమా? మాఱినది కంపెనీవారి చిత్తమా? ఈ ప్రశ్న నడుగకయే మనవారు వేలకు వేలు ధారవోయుటకు సిద్ధపడుచున్నారు.

విండోసు 11 పెట్టుకొనుటకు 4 జి.బి. మెమొరీయు, 64 జి.బి. నిల్వచోటును చాలునని కంపెనీవారే చెప్పుచున్నారు. ఈపాటి శక్తి పదేండ్లనాటి యంత్రములలో ననేకమునకు గలదు. కాని యంతటితో సరిపోదట! టి.పి.యం. 2.0 అను రక్షణభాగ ముండవలెను. ప్రాసెసరు వారి జాబితాలో నుండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో 2017లో వెలువడిన 8వ తరమునకు ముందువానికి, కొద్ది మినహాయింపులు తప్ప, అందు స్థానము లేదు. నిక్షేపముగా పనిచేయుచున్న 7వ తరపు యంత్రము ఒక్క కలముపోటుతో పంక్తిబాహ్యమైనది.

ఇదంతయు రక్షణకొఱకే యని వారివాదము. రహస్యపు తాళములను ప్రత్యేకమైన భాగమున దాచుట మంచిదే; మేము కాదనము. కాని క్రొత్తయింటికి మంచితాళము బిగించుట వేఱు, పాతయింటి కావలివానిని తొలగించుట వేఱు. 1852లో పూర్తియైన గోదావరి ఆనకట్ట శిథిలముకాగా, 1982 నాటికి దానిస్థానమున క్రొత్త బ్యారేజి నిలిచినది. అందులకై డెల్టారైతును పాతకాలువలు పూడ్చుకొమ్మని యెవరైన నాజ్ఞాపించిరా? ఆనకట్ట మాఱినది, కాలువలు నిలిచినవి, చేలు పండినవి. మార్పనగా నట్లుండవలెను.

ఇంకొక వింత వినుడు. 2026 అక్టోబరు 13 వరకు మఱియొక యేడాది రక్షణ యిత్తుమని కంపెనీవారు ప్రకటించిరి. అందులకు మనకు విధించిన షరతులు మూడు: 30 డాలర్లు చెల్లింపుడు, లేదా మీయంత్రపు అమరికలను మాఖాతాలో దాచుడు, లేదా మా బహుమానపు పాయింట్లు వేయి సమర్పింపుడు. ఐరోపా ఆర్థికమండలమునందలి 30 దేశములవారికి మాత్రము, అచటి వినియోగదారుల సంఘములు నిలదీయగా, 2025 సెప్టెంబరులో ఈ షరతులు సడలినవి. కంపెనీఖాతాతో ప్రవేశించిన చాలునన్నారు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. వారడిగిరి, పొందిరి. మనమేల యడుగరాదు? 2019 వినియోగదారుల రక్షణచట్టము సరకును గూర్చి తెలిసికొను హక్కును మనకు స్పష్టముగా నిచ్చినది. ఏ తేదీవరకు రక్షణ దొరకునో అమ్మునాడే బిల్లుమీద వ్రాయవలెనని ప్రతిగ్రాహకుడును కోరవలెను. ప్రభుత్వము దానిని నిర్బంధము చేయవలెను.

అంతవఱకు చేయవలసిన దేమి? రక్షణలేని యంత్రముతో బ్యాంకు వ్యవహారములు నడపుట అవివేకము. నిబంధనలను తప్పించి దొడ్డిదారిని విండోసు 11 ఎక్కింతుమను దుకాణదారులును గలరు. అట్టి యంత్రములకు నవీకరణల హామీ లేదని కంపెనీవారు ముందే చెప్పియున్నారు. రాజమార్గ మొకటి యున్నది: లినక్సు. లినక్సు మింటువంటి వానిని పెన్‌డ్రైవునుండి నడపి, పాతదానిని చెఱపకయే పరీక్షింపవచ్చును. రుసుము లేదు. కేరళప్రభుత్వ పాఠశాలలలో బాలురు నేర్చుచున్నది లినక్సే. మన తెలుగునాట స్వేచ్ఛయను సంస్థవారు తెలుగుముఖముగల లినక్సును గూర్చిరి.

ఇందు కష్టములు లేవని మేమనము. ట్యాలీ లెక్కలు వ్రాయు వర్తకునకును, పేజిమేకరుతో అను అక్షరములు కూర్చు డి.టి.పి. వానికిని విండోసు విడుచుట సులభము కాదు. వారు గడువు పొడిగించుకొని నెమ్మదిగా నిర్ణయించుకొనవచ్చును. కాని పత్రికలు చదువుకొని, ఉత్తరములు వ్రాసికొని, పిల్లలకు పాఠములు చూపు గృహస్థునకు ఈ చిక్కు లేదు. ముందుగా ముఖ్యమైన కాగితములును ఫొటోలును వేఱొకచోట భద్రపఱచుకొనవలెను. పాత హార్డుడిస్కు తీసి యస్.యస్.డి. వేయించినచో యంత్రమునకు క్రొత్తప్రాణము వచ్చును.

సొమ్ము మనది, యంత్రము మనది. దానికి ఆయుర్దాయము నిర్ణయించు నధికారము మాత్రము పరునిదా? నాయనలారా, తుక్కువానిని పిలువకముందు ఈ ప్రశ్నకు బదులు చెప్పుకొనుడు.