రెండో గిన్నె

డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ వీధుల్లో బిర్యానీ వాసన. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మేముండేది జర్మనీలో, న్యూరెంబర్గ్‌కి దగ్గర్లో. వచ్చిన మొదటి చలికాలం, క్రిస్మస్ మార్కెట్‌లో నడుస్తుంటే దాల్చినచెక్క, లవంగాలు, అనాసపువ్వు కలిసిన ఆవిరి ముక్కుకు తగిలింది. ఎవరో మనవాళ్లు దమ్ పెట్టారనుకుని ఆశగా వెళ్తే, పెద్ద పెద్ద పాత్రల్లో ఎర్రటి వైన్ కాగుతోంది. దీన్ని గ్లూవైన్ అంటారట. వైన్‌ని మనం తెలుగులో ద్రాక్షసారా అంటాం కదా. ఆ 'సారా' అన్న ముక్క దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించినప్పుడు నాకు పన్నెండేళ్లు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ మొదలైన మాట ఊరూరికీ పాకింది. మా ఊళ్లోనూ చీపుర్లు, కారప్పొడి పట్టుకుని బయల్దేరిన వాళ్లలో మా అమ్మ ఉంది. ఎందుకుందో నేను చెప్పక్కర్లేదు. మా నాన్న కూలి డబ్బులు ఇంటికొచ్చే దారిలో ఆ అంగడి ఉండేది, అంతే. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించిన రోజు అమ్మ సేమ్యా పాయసం కాచింది. మా ఇంట్లో పండగ కాని రోజు పాయసం తినడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

అలాంటి అమ్మ కూతుర్ని, పోయిన డిసెంబరులో నా స్టవ్ మీద వైన్ కాచాను. ఎందుకో చెబుతాను.

మా వీధిలో ఒక ఆచారం ఉంది. డిసెంబరు 1 నుంచి 24 వరకు రోజుకొకరు తమ కిటికీ అలంకరిస్తారు. సాయంత్రం అందరూ ఆ ఇంటి ముందు చేరతారు. ఆ ఇంటివాళ్లు వేడిగా ఏదైనా పోసి, బిస్కెట్లు పెడతారు. మన బొమ్మల కొలువు పేరంటం లాంటిదే, కాకపోతే చలిలో నిలబడి. పోయినేడు మాకూ ఒక రోజు వచ్చింది. పక్కింటి పెద్దావిడ ముచ్చటపడి గ్లూవైన్ కాచడం నేర్పింది. ఏడువందల యాభై మిల్లీలీటర్ల రెడ్ వైన్, రెండు దాల్చినచెక్కలు, నాలుగైదు లవంగాలు, ఒక అనాసపువ్వు, చక్రాలుగా కోసిన నారింజ, రెండు మూడు చెంచాల చక్కెర. సన్నని సెగ మీద పొగలు రావాలి గానీ మరగకూడదు. దించి మూతపెట్టి అరగంట ఉంచి వడకట్టాలి.

నేను తటపటాయిస్తుంటే మావారు, "ఎందుకంత ఇదైపోతావు? వేడిచేస్తే ఆల్కహాల్ ఎగిరిపోతుందిలే, వట్టి ద్రాక్షరసమే" అన్నారు. ఇది చాలామంది అనే మాటే, మీరూ వినే ఉంటారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆల్కహాల్ 78 డిగ్రీలకి మరుగుతుంది. అది పోకూడదనే కదా మరిగించొద్దని ఆవిడ అన్నిసార్లు చెప్పింది! గంటసేపు ఉడికించిన కూరలో కూడా కొంత మిగులుతుందంటారు. ఇక పొగలొచ్చాక దించేసే దాంట్లో పోయేదెంత? పైగా వేడిగా, తియ్యగా ఉంటుంది కాబట్టి ఎంత తాగుతున్నామో తెలియదు.

ఇంకో సంగతి. మా అబ్బాయికి పదిహేను దాటుతున్నాయి. ఇక్కడ 16 ఏళ్లకే వైన్, బీరు కొనుక్కోవచ్చు. వాడికి నేను 'ముట్టుకుంటే చెడిపోతావ్' అని చెప్పలేను, చుట్టూ మర్యాదగా తాగి మర్యాదగా ఇంటికెళ్లేవాళ్లే కనబడుతుంటే నమ్మడు. 'అది వట్టి రసమేలే' అని అబద్ధమూ చెప్పలేను.

అందుకని రెండు గిన్నెలు పెట్టాను. ఒకటి వచ్చేవాళ్ల అలవాటు ప్రకారం. రెండోది నా ఇష్టప్రకారం. ఇక్కడ పిల్లల కోసం కాచే పంచ్ ఒకటుంది. అర లీటరు ద్రాక్షరసం, అర లీటరు ఆపిల్ రసం, అర లీటరు ఎర్రటి మందార టీ. ఆ టీ దేనితో చేస్తారా అని చూస్తే మన ఎర్ర గోంగూర జాతి పువ్వుదే! ఆ పులుపు నాలిక్కి తగలగానే ప్రాణం లేచొచ్చింది. దీన్ని మరిగించినా భయం లేదు కాబట్టి మసాలాలతోపాటు అల్లం కూడా దంచి వేసి బాగా మరగనిచ్చాను. ఏ గిన్నెలో ఏముందో మా వాడి చేత పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాను.

ఆ సాయంత్రం పై అంతస్తులో ఉండే ఒకాయన వచ్చాడు. మిగతా ఇళ్ల దగ్గర ఎప్పుడూ కనబడలేదు. రెండో గిన్నె చూపించి, "ఇందులో చుక్క కూడా లేదా?" అని అడిగాడు. లేదన్నాను. కప్పు చేతిలోకి తీసుకుని మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. అప్పుడు తాగాడు. మూడు కప్పులు తాగి, చివరిదాకా నిలబడి, అందరితో కలిసి పాటలు పాడాడు. నేనేమీ అడగలేదు. రెండుసార్లు అడిగేవాళ్లకి ఏదో కారణం ఉంటుందని మా ఇంట్లో పెరిగినదానికి తెలియదా?

ఇంతకీ నేననేది ఇదే. తాగేవాళ్లని తప్పుపట్టడం లేదు. ఇది ఇక్కడి పండగ, వీళ్ల ఆనందం. కానీ మన తెలుగువాళ్ల పార్టీల్లో, ఇక్కడైనా హైదరాబాద్‌లోనైనా, వైన్ ఎంత ముచ్చటగా గ్లాసుల్లో పోస్తున్నామో చూడండి. వద్దన్నవాళ్లకి మాత్రం ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింక్ సీసా తీసి చేతిలో పెట్టి, "ఏమ్మా, ఇంకా పల్లెటూరేనా?" అని ఒక చురక. వద్దన్నందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఎంత ఇబ్బందో! కడుపుతో ఉందేమో, మాత్రలు వేసుకుంటోందేమో, మానేసి నానా తంటాలు పడుతున్నారేమో, లేదా వట్టినే ఇష్టం లేదేమో. మనకెందుకు? మొదటి గిన్నెకి పెట్టినంత శ్రద్ధా రెండో గిన్నెకీ పెడితే ఆ ప్రశ్నే రాదు. మీ ఇంట్లో మొదటి గిన్నె ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉంటే మాత్రం రెండోది ఉండి తీరాలి.

మర్నాడు వీడియో కాల్‌లో మిగిలిన పంచ్ అమ్మకి చూపించాను. "ఏందమ్మే అది, చారా?" అంది. మొదటి గిన్నె సంగతి కూడా దాచకుండా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పైనాయనకి ఇంకో కప్పు ఇచ్చి రాలేకపోయావా, మిగిలిందిగా" అంది.

ఫోన్ పెట్టేసి, వేడిచేసి ఇచ్చి వచ్చాను.