పాత కంప్యూటరును పాఱవేయవలెనా?

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10నకు సాధారణ పోషణమును చాలించినది. ప్రత్యేకముగా నమోదు చేసికొనిన గృహస్థులకు కొంత గడువు మాత్రము దయచేసినది. పోనిండు, విండోస్ 11నకు మాఱుదమన్నచో ఆ ద్వారము అందఱికిని తెఱవబడదు. టీపీఎం 2.0 అను రక్షణోపకరణము ఉండితీరవలెనట! ఇంటెల్ ప్రాసెసరైనచో, స్వల్పమైన మినహాయింపులు దక్క, 2017లో వెలువడిన ఎనిమిదవ తరమునకు ముందుది కారాదట! నిన్నటివఱకు చక్కగా పనిచేసిన యంత్రము ఈ నిబంధనములచే నేడు అనర్హమైనది.

చింతపల్లి మన్యమునకు వాకిలివంటి నర్సీపట్నమున, దరఖాస్తులు నింపి జీవించు నెట్ సెంటరు యజమానికిని, లెక్కలు వ్రాసికొను చిన్న వర్తకునికిని, బిడ్డల చదువునకై పాత యంత్రమును కొనిన తల్లిదండ్రులకును క్రొత్తది కొనుట మాటలతో పోవు పని కాదు. ఇట్టివారికి లినక్సును చూపువారు పెక్కురు. మేమును చూపుచున్నాము. కాని యది యే యంత్రమునకైనను కన్నుమూసికొని సరిపడునను ప్రచారమును మేము సమర్థింపజాలము.

రెండింటికిని గల భేదము డ్రైవర్లయందున్నది. విండోస్ పద్ధతిలో పరికరమును చేసిన సంస్థయే దానిని నడపు డ్రైవరును సాధారణముగా వ్రాసి యిచ్చును. కొనువారిలో అధికులు విండోస్ వారే కావున క్రొత్త సరకునకు లోటుండదు. ఆ సంస్థకు శ్రద్ధ తగ్గిననాడు పాత ప్రింటరు మూలబడును. లినక్సున డ్రైవర్లలో అధికభాగము కెర్నెలునందే యిమిడియుండును. వాని మూలము బహిరంగము గనుక తయారుచేసినవాడు మఱచినను మఱియొకడు కాపాడగలడు. పదియేండ్లనాటి యంత్రములు దానితో మరల పనికివచ్చుటకు కారణమిదియే.

అయితే రహస్యమును విడువని సంస్థలకడ ఈ బలమే బలహీనత యగుచున్నది. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులు చిరకాలము లినక్సువారిని వేధించినవి. ఎన్విడియా సంస్థ తన కెర్నెల్ మాడ్యూళ్ల మూలమును వెల్లడించుట 2022 మే నెలలో గాని జరుగలేదు. డెబియన్ వారు సైతము స్వేచ్ఛాసిద్ధాంతమును కొంత సడలించి, 2023లో వెలువడిన 12వ సంచికనుండి అట్టి ఫర్మ్‌వేరును స్థాపనా సామగ్రిలోనే చేర్చిరి. మఱియొక హెచ్చరిక: 2025లో వచ్చిన వారి 13వ సంచిక 32 బిట్ల కంప్యూటర్లలో నూతన స్థాపనకు వీలీయదు. కావున లినక్సునకును వయోనియమము లేకపోలేదు.

మఱి కర్తవ్యమేమి? లినక్సును పెన్ డ్రైవునుండియే నడిపి, హార్డ్ డిస్కును ముట్టకుండ పరీక్షింపవచ్చును. ఈ పరీక్షలో స్థాలీపులాకన్యాయము చెల్లదు. ఒక మెతుకు ఉడికినంతనే అన్నమంతయు ఉడికినదనుకొనరాదు. వైఫై, ధ్వని, కెమెరా, ప్రింటరు, స్కానరు, వేలిముద్రల యంత్రము — ఒక్కొక్కదానిని విడివిడిగా చూడవలెను. ముఖ్యముగా నెట్ సెంటరువారు తమ వేలిముద్రల పరికరమునకును, డిజిటల్ సంతకపు టోకెనునకును లినక్సు డ్రైవరు కలదో లేదో ముందే విచారింపవలెను. జీవనాధారమైన పరికరము నడువనిచో తొందరపడి విండోసును తుడిచివేయుట వివేకము కాదు.

ఐనను భారమంతయు కొనువానిపై మోపుట న్యాయమా? భారత ప్రభుత్వము 2015లోనే ఓపెన్ సోర్స్ విధానమును ప్రకటించినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్ల తరబడి లినక్సుపై విద్య గఱపుచున్నవి. మన పాఠశాలలకును కార్యాలయములకును కొను ప్రతి ప్రింటరు, ప్రతి స్కానరు లినక్సునందును పనిచేయవలెనని టెండరులో ఒక్క పంక్తి చేర్చినచో, తయారీదారులు తామే డ్రైవర్లు తెచ్చి యిత్తురు. సర్కారు అంతటి కొనుగోలుదారుని కాదను వర్తకుడు లేడు. ప్రజలును అంగడిలో ధర నడుగుటకు ముందు "ఇది లినక్సున నడచునా?" యని యడుగుట నేర్వవలెను. యంత్రము మనదైనపుడు, దాని ఆయుర్దాయమును నిర్ణయించు హక్కు పరుల చేతిలో నుండరాదు.